ముసలితనం వాటా ఎంత? మెదడు స్కాన్లు చెప్పేదీ, చెప్పలేనిదీ

పర్లాకిమిడిలో డెబ్బై దాటిన ఆవిడ బీరువా తాళంచెవి ఎక్కడ పెట్టిందో మర్చిపోతే ఇంట్లోవాళ్లు "పెద్దోళ్లయిపోనారు గదా, మరుపు రాదేటి" అంటారు. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే సిరోంచలో అదే జరిగితే "ముసల్దయింది, గంత యాది ఉంటదా" అంటారు. ఒకటి ఒడిశా, ఒకటి మహారాష్ట్ర. యాసలు వేరైనా నెపం ఒకటే, వయసు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల మెదడు ఎంత ఇంధనం వాడుతోందో స్కాన్లతో కొలిచే పరిశోధన నిజానికి ఈ నెపాన్ని నిలదీసే పనే. వయసు ఖాతాలో రాసేసిన నష్టంలో వయసుది ఎంత? వయసుతో పాటు చెప్పకుండా వచ్చి కూర్చునే బీపీ, షుగరు, పొగాకు, రక్తహీనతలది ఎంత? ఈ లెక్క తేల్చడం అమెరికాలోనే కష్టమైంది. సరిహద్దు ఊళ్లలో ఇంకా కష్టం.

మెదడు బరువు ఒంటి బరువులో సుమారు 2 శాతం. ఊరికే కూర్చున్న మనిషి వాడే ఆక్సిజన్‌లో మాత్రం 20 శాతం దాకా దానికే పోతుంది. ప్రధాన ఇంధనం గ్లూకోజ్. చిట్టాపద్దు చూసుకున్నా, అరుగు మీద కూర్చుని వీధి చూస్తున్నా ఈ ఖర్చులో పెద్ద తేడా రాదు. బుర్ర పెట్టి పనిచేసినప్పుడు పెరిగేది 5 శాతం లోపే. ఖర్చులో ఎక్కువ భాగం నాడీకణాలు ఒకదానితో ఒకటి కబురు చెప్పుకునే సంధుల దగ్గర అవుతుంది. కబురు వెళ్లిన ప్రతిసారీ సోడియం, పొటాషియం అయాన్లు చోటు మారతాయి. వాటిని మళ్లీ యథాస్థానానికి తోడిపోయాలి, ఆ తోడే పనికే శక్తి కావాలి. కాబట్టి ఒక చోట గ్లూకోజ్ వాడకం తగ్గిందంటే అక్కడ సంధులు తగ్గాయనో, మందగించాయనో అర్థం చేసుకుంటారు. పేచీ అంతా ఆ అర్థం చేసుకోవడంలోనే ఉంది.

ఈ కొలతకు మొదటి దారి వేసింది 1940ల్లో అమెరికాలో సేమూర్ కెటీ, కార్ల్ ష్మిట్. మనిషి చేత కొద్దిగా నైట్రస్ ఆక్సైడ్ పీల్పించి, మెదడుకు వెళ్లే ధమని రక్తాన్ని, మెదడు నుంచి మెడలోకి దిగే సిర రక్తాన్ని పక్కపక్కన పరీక్షించేవారు. లోపలికి ఎంత వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది అన్న జమాఖర్చు అది. మొత్తం మెదడుకు ఒకే అంకె వచ్చేది, ఏ మూల ఏం జరుగుతోందో తెలిసేది కాదు. అయినా ఆ మొరటు పద్ధతే ఒక గట్టి విషయం చెప్పింది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు సగటున 71 ఏళ్లున్న మగవాళ్లను ఎంచుకుని, ఏ చిన్న జబ్బూ లేనివాళ్లను విడిగా తీసి, కుర్రవాళ్లతో పోల్చి 1963లో ఫలితాలు ప్రచురించారు. నిక్కచ్చిగా ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ల మెదడుకు రక్తం, ఆక్సిజన్ దాదాపు కుర్రవాళ్లకు అందినట్టే అందుతున్నాయి. రక్తనాళాల జబ్బు ఆనవాళ్లు ఉన్నవాళ్లలో మాత్రం తగ్గాయి. అరవై ఏళ్లలో యంత్రాలు ఎంతో మారాయి కానీ, ఎవరిని ఆరోగ్యవంతుడు అంటామో దాన్ని బట్టి వయసు నష్టం మారిపోతుందన్న పాఠం మాత్రం ఇప్పటికీ మారలేదు.

మెదడులో చోటు చోటుకూ తేడా చూపించే పద్ధతికి పునాది లూయిస్ సోకోలోఫ్ ఆలోచన. గ్లూకోజ్‌లో ఒక్క చోట ఆక్సిజన్ పరమాణువును తీసేస్తే డీఆక్సీగ్లూకోజ్ అవుతుంది. కణం దాన్ని గ్లూకోజే అనుకుని గేటు తీసి లోపలికి రానిస్తుంది. హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ దానికి ఫాస్ఫేట్ ముద్ర కూడా వేస్తుంది. తర్వాతి మెట్టు ఎక్కడానికి కావలసిన ఆక్సిజన్ లేదు కాబట్టి అది ముందుకు పోలేదు, ముద్ర పడింది కాబట్టి వెనక్కీ రాలేదు. అక్కడే చిక్కుకుపోతుంది. ఎంత ఎక్కువ చిక్కుకుంటే ఆ చోటు అంత ఎక్కువ గ్లూకోజ్ అడిగినట్టు. ఈ అణువుకు రేడియోధార్మిక ఫ్లోరిన్-18 తగిలిస్తే ఎఫ్‌డీజీ అవుతుంది. బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో తయారైన ఎఫ్‌డీజీని 1976 ఆగస్టులో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మొదటిసారి మనిషికి ఎక్కించారు. ఫ్లోరిన్-18 వదిలే పాజిట్రాన్ పక్కనున్న ఎలక్ట్రాన్‌ను ఢీకొంటే రెండూ మాయమై, ఒక్కొక్కటి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో రెండు కిరణాలు సరిగ్గా ఎదురెదురు దిక్కులకు పోతాయి. తల చుట్టూ ఉన్న వలయంలో ఎదురెదురుగా ఉన్న రెండు గుర్తింపు పలకలు ఒకే క్షణంలో మెరిస్తే, పుట్టినచోటు ఆ రెంటి మధ్య గీత మీద ఎక్కడో ఉన్నట్టు. అలాంటి లక్షల గీతలు కలిపితే బొమ్మ వస్తుంది. అదే పెట్ స్కాన్.

ఫ్లోరిన్-18 అర్ధాయువు సుమారు 110 నిమిషాలు. సైక్లోట్రాన్ అనే యంత్రంలో తయారైన 100 పాళ్ల మందు గంటా యాభై నిమిషాలకు 50, మూడు గంటల నలభై నిమిషాలకు 25 పాళ్లే. మన దేశంలో మొదటి వైద్య సైక్లోట్రాన్, పెట్ స్కానర్ 2002లో ముంబైలోని పరేల్‌లో వచ్చాయి. ఇప్పుడు నాగపూర్, హైదరాబాద్, విశాఖ, భువనేశ్వర్ లాంటి చోట్ల పెట్ స్కాన్ దొరుకుతుంది, అదీ ఎక్కువగా క్యాన్సర్ రోగుల కోసం. సిరోంచ నుంచి సొంత జిల్లా కేంద్రం గడ్చిరోలికి వెళ్లాలంటేనే సుమారు 200 కిలోమీటర్ల అడవి దారి. అందుకే అక్కడివాళ్లు గోదావరి వంతెన దాటి కరీంనగర్ వైపో, వరంగల్ వైపో పోతారు. పర్లాకిమిడివాళ్లకు శ్రీకాకుళం, విశాఖలే దగ్గర. మందు ఊరికి రాలేదు కాబట్టి మనిషే మందు దగ్గరికి వెళ్లాలి. ఒంట్లో బాగానే ఉన్న డెబ్బై ఏళ్ల రైతును, జబ్బేమీ లేకుండానే, పనులు మానుకుని అంత దూరం రమ్మని ఒప్పించడం మాటలు కాదు. వచ్చేది ఓపిక, డబ్బు, తోడు ఉన్నవాళ్లే. అంటే స్కానర్ దాకా చేరినవాళ్లు అప్పటికే జల్లెడ పట్టినవాళ్లన్నమాట.

రేడియేషన్ మాటెత్తితే భయం సహజం. మెదడు కోసం మామూలుగా ఇచ్చే 185 మెగాబెకరెల్ ఎఫ్‌డీజీతో పడేది సుమారు మూడున్నర మిల్లీసీవర్టులు, దానికి పెట్‌తో పాటు తీసే సీటీ స్కాన్ వాటా కొంత కలుస్తుంది. ప్రపంచ సగటున నేల, గాలి, ఆకాశం నుంచి ఏడాదికి ప్రతి మనిషికీ అందేది 2.4. గంజాం తీరంలో ఛత్రపూర్ దగ్గర మోనజైట్ ఇసుక వల్ల సహజంగానే అంతకంటే ఎక్కువ ఉంటుంది, అక్కడ తరాలుగా జనం బతుకుతూనే ఉన్నారు. అలాగని ఆరోగ్యవంతులకు ఏడాదికోసారి తీయవలసిన స్కాన్ కాదిది. పరిశోధనకు అనుమతి ఇచ్చే కమిటీలు ఈ లెక్క జాగ్రత్తగా చూస్తాయి.

ఇంతకీ ఈ బొమ్మల్లో ఏం కనబడింది? ఆరోగ్యంగా ముసలివాళ్లయినవారిలో నుదుటి వెనకాల భాగం, మెదడు మధ్యగోడ ముందు భాగం కొంచెం చల్లబడతాయి, అంటే అక్కడ గ్లూకోజ్ వాడకం తగ్గుతుంది. ఆలోచన మార్చుకోవడం, రెండు పనులు ఒకేసారి చూసుకోవడం లాంటివి ఈ భాగాల పని. చూపుకు సంబంధించిన వెనక భాగం, చిన్నమెదడు, లోపలి థాలమస్ చాలావరకు నిలకడగా ఉంటాయి. అల్జీమర్స్‌లో కథ దాదాపు తిరగబడుతుంది. ముందు చల్లబడేది మధ్యగోడ వెనక భాగం, దాని పక్కనే ఉన్న ప్రీక్యూనియస్ అనే భాగం, చెవి పైనా వెనకా ఉన్న భాగాలు. అంటే ముసలితనం ముదిరితే అల్జీమర్స్ అవుతుందన్న ఊహకు ఈ బొమ్మలు సాక్ష్యం చెప్పవు. రెండూ వేర్వేరు దారులు, అయితే ఒకే మనిషిలో రెండూ ఒకేసారి నడవొచ్చు.

ఇక్కడ ఒక మోసం ఉంది. వయసుతో మెదడు కొంచెం కుంచించుకుపోతుంది. పైపొర మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు. మామూలు పెట్ స్కానర్ విడదీసి చూడగలిగేది 4 నుంచి 6 మిల్లీమీటర్లు. పొర సన్నబడి పక్కన నీరు పెరిగితే, స్కానర్ ఆ రెంటినీ కలిపి చూసి వెలుగు తగ్గిందని చెబుతుంది. చిక్కటి మజ్జిగ చెంబులో నీళ్లు పోసి పెరుగు తక్కువైందన్నట్టు. ఎమ్మారైతో అసలు మందం కొలిచి ఈ పొరపాటు సవరిస్తే, వయసు వల్ల తగ్గిందనుకున్న వాడకంలో కొంత మాయమవుతుంది. కొన్ని అధ్యయనాల్లో చాలావరకు మాయమైంది. మిగిలిన కణాలు ముందులాగే తింటున్నాయా, లేక ఆకలి తగ్గిందా అన్నది ఈ సవరణ మీద ఆధారపడిన ప్రశ్న. సవరణ చేయకుండా అచ్చయిన ఏ బొమ్మనైనా అనుమానంగానే చూడాలి.

రెండో మోసం తూకంలో ఉంది. గ్లూకోజ్ వాడకాన్ని అసలు అంకెల్లో తేల్చాలంటే స్కాన్ జరుగుతున్నంతసేపూ ధమని నుంచి రక్తం తీస్తూ ఉండాలి. అది నొప్పి, శ్రమ. అందుకని చాలామంది చిన్నమెదడునో, మొత్తం మెదడు సగటునో ప్రమాణంగా పెట్టుకుని, దానితో పోలిస్తే ఈ భాగం ఎంత అని చెబుతారు. ఆ ప్రమాణం కూడా వయసుతో కొంచెం మారితే? తూకపురాయి అరిగిందో, బియ్యం తగ్గాయో తెలియని పరిస్థితి.

మూడోది షుగరు. సరిహద్దు ఊళ్ల విషయంలో దీన్ని అన్నింటికంటే గట్టిగా చెప్పుకోవాలి. రక్తంలో గ్లూకోజ్ ఎక్కువగా ఉంటే అది ఎఫ్‌డీజీతో పోటీ పడి గేటు దగ్గర దాన్ని నిలిపేస్తుంది. అందుకే నాలుగైదు గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు, సూది వేసేముందు షుగరు చూస్తారు. 200 మిల్లీగ్రాములు దాటితే చాలాచోట్ల వాయిదా వేస్తారు. చిత్రమేమిటంటే, మతిమరుపే లేనివాళ్లలో కూడా షుగరు పెరిగినప్పుడు తీసిన స్కాన్‌లో ప్రీక్యూనియస్ లాంటి వెనక భాగాలే ఎక్కువ మసకబారతాయి. చూడటానికి అల్జీమర్స్ నమూనాలాగే ఉంటుంది. తనకు షుగరు ఉందని తెలియని మనిషిని ఆరోగ్యవంతుల గుంపులో చేరిస్తే, వయసు వల్ల వెనక భాగం చల్లబడుతుందన్న తప్పుడు తీర్మానం తయారవుతుంది. ఊళ్లో "నాకే రోగమూ లేదు" అన్న మాటకు చాలాసార్లు అర్థం "నేనెప్పుడూ ఆసుపత్రికి వెళ్లలేదు" అని. ఆ మాట నమ్మి ఫారం నింపితే స్కానర్ ఎంత ఖరీదైనదైనా ఒకటే.

గ్లూకోజ్ ఒక్కటే కొలిస్తే సగం కథే తెలుస్తుంది. మెదడు కొంత గ్లూకోజ్‌ను, ఆక్సిజన్ సరిపడా ఉన్నా, పూర్తిగా కాల్చకుండా వాడుకుంటుంది. కొత్త సంధులు కట్టుకోవడం, మరమ్మతులు లాంటి వాటికి ఇది అవసరమని భావిస్తున్నారు. వయసుతో తగ్గేది ముఖ్యంగా ఈ భాగమేనని మను గోయల్, మార్కస్ రైకిల్ బృందం 2017లో చూపించింది. మెదడు రోజువారీ వంట ఆగలేదు, ఇంటికి కొత్త గది వేయడం తగ్గింది అనుకోవచ్చు. అదే బృందం 2019లో 20 నుంచి 82 ఏళ్ల మధ్య 205 మంది స్కాన్లు తీసుకుంది. మగవాళ్ల బొమ్మలతో వయసు పోల్చుకోవడం కంప్యూటర్‌కు నేర్పి, తర్వాత ఆడవాళ్ల బొమ్మలు ఇస్తే, అసలు వయసు కంటే సగటున 3.8 ఏళ్లు తక్కువ చెప్పింది. ఇంకో కోణం కెనడాలోని షెర్‌బ్రూక్‌లో స్టీఫెన్ కునేన్ బృందానిది. పెద్దవాళ్ల మెదడు గ్లూకోజ్‌ను తక్కువగా తీసుకుంటున్నా, కొవ్వు నుంచి తయారయ్యే కీటోన్లు అనే ఇంధనం అందిస్తే దాన్ని బాగానే తీసుకుంటుందని వాళ్లు కొలిచారు. ఈ ముక్క పట్టుకుని నూనెలు, పొడులు అమ్మేవాళ్లు బయల్దేరారు. ఆ అమ్మకాలకూ ఈ కొలతకూ మధ్య చాలా దూరం ఉంది.

సూది, రేడియేషన్ వద్దనుకుంటే ఎమ్మారై ఉంది. దానితో మెదడుకు వెళ్లే రక్తం, రక్తంలో మిగిలిన ఆక్సిజన్, స్పెక్ట్రోస్కోపీ ద్వారా కొన్ని రసాయనాలు కొలవొచ్చు. మంచి దారే కానీ దీనికీ చిక్కులున్నాయి. రక్తహీనత ఉంటే ఆక్సిజన్ మోసే శక్తి తక్కువ కాబట్టి మెదడుకు రక్తం ఎక్కువగా పారుతుంది. గడ్చిరోలి, కొరాపుట్ వైపు ఆదివాసీ కుటుంబాల్లో సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉంది, ఆడవాళ్లలో రక్తహీనత అన్ని కులాల్లోనూ ఉంది. హిమోగ్లోబిన్ చూడకుండా తీసిన స్కాన్‌లో రక్తప్రవాహం బాగుందని మురిసిపోతే అది బలహీనతను బలం అనుకోవడమే. పొద్దున్న తాగిన టీ కూడా లెక్కలోకి వస్తుంది, కెఫీన్ మెదడు రక్తప్రవాహాన్ని గట్టిగానే తగ్గిస్తుంది. పొద్దున్న టీ మానమని ఎవరికి చెప్పగలం అన్నది వేరే సంగతి. ఇక శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు చుట్ట నిప్పు నోట్లో పెట్టి కాల్చే అడ్డపొగ, ఒడిశాలో పళ్లకు రుద్దుకునే గుడాఖు ఉన్నాయి. 'పొగ తాగుతారా' అని అడిగితే గుడాఖు రుద్దే ఆవిడ లేదనే అంటుంది, అది అబద్ధమూ కాదు.

పోలిక ఎవరితో అన్నది మరో ముడి. చాలా అధ్యయనాలు ఇవాళ్టి డెబ్బై ఏళ్లవాళ్లను ఇవాళ్టి పాతికేళ్లవాళ్లతో పోల్చి, తేడాకు వయసు అని పేరు పెడతాయి. మహారాష్ట్ర సరిహద్దులోని ధర్మాబాద్, బిలోలి ప్రాంతంలో ఇప్పుడు డెబ్బై దాటినవాళ్లు 1972 కరువు నాటికి పదిహేను, ఇరవై ఏళ్లవాళ్లు. బడికి వెళ్లినవాళ్లు తక్కువ, కడుపు నిండా తిన్న రోజులూ తక్కువ. వాళ్ల మనవళ్లకు బడి, బియ్యం, టీకాలు అన్నీ అందాయి. ఈ ఇద్దరి మెదళ్ల తేడాలో యాభై ఏళ్ల వయసూ ఉంది, యాభై ఏళ్ల చరిత్రా ఉంది. విడదీయాలంటే ఒకే మనిషిని కొన్నేళ్లకోసారి మళ్లీ మళ్లీ చూడటం తప్ప దారి లేదు. కోలార్ జిల్లా శ్రీనివాసపురంలో బెంగళూరు మెదడు పరిశోధన కేంద్రం పల్లెవాళ్లతో అలాంటి దీర్ఘకాలిక అధ్యయనం నడుపుతోంది. అదీ తెలుగు వినబడే సరిహద్దే.

స్కాన్‌ను సరిపోల్చే నమూనా మెదడు కూడా ఇక్కడిది కాదు. ప్రపంచమంతా వాడే నమూనా మాంట్రియల్‌లో పాశ్చాత్యుల స్కాన్లతో తయారైంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2019లో వంద మంది భారతీయుల స్కాన్లతో ఒక నమూనా చేశారు. సగటు భారతీయ మెదడు పొడవు, వెడల్పు, ఎత్తు పాశ్చాత్య నమూనా కంటే తక్కువని అందులో తేలింది. తెలివికీ దీనికీ సంబంధం లేదు. కానీ సైజులో చిన్నదైన మెదడును పెద్ద అచ్చులో పోస్తే అంచుల్లో కుంచించుకుపోయినట్టు కనబడొచ్చు.

ఇన్ని చిక్కుల మధ్య సరిహద్దు ఊళ్లకు తమదైన బలం ఒకటి ఉంది, భాషలు. గుణుపురంలో కొట్టు పెట్టుకున్న మనిషి ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతలో సవర కలిపి మాట్లాడతాడు. సిరోంచలో తెలుగు, మరాఠీ, గోండి, అవసరమైతే హిందీ. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని దానికి నిఘంటువు రాసింది ఈ వాతావరణంలోనే. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలో కూడా ఈ తేడా కనబడింది, అంటే అది బడి చలవ కాదు. ఇటలీలో డేనియెలా పెరానీ బృందం, జర్మన్, ఇటాలియన్ రెండూ మాట్లాడేవాళ్లూ ఒక్క భాషే మాట్లాడేవాళ్లూ కలిసి 85 మంది అల్జీమర్స్ రోగులకు పెట్ స్కాన్ తీసింది. రెండు భాషలవాళ్లు సగటున ఐదేళ్లు పెద్దవాళ్లు, వాళ్ల మెదడు ఎక్కువగానే చల్లబడింది, అయినా కొన్ని జ్ఞాపక పరీక్షల్లో ఒక భాషవాళ్ల కంటే మెరుగ్గా చేశారు. బొమ్మలో నష్టం ఎక్కువ, బతుకులో తక్కువ. ఇవి ఆసుపత్రికి వచ్చినవాళ్ల లెక్కలని గుర్తుంచుకోవాలి. ఇళ్ల దగ్గర ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి వెంబడించిన కొన్ని అధ్యయనాల్లో ఇంత తేడా రాలేదు. అయినా ఒకటి మాత్రం గట్టిగా చెప్పవచ్చు. మూడు భాషల మనిషి స్కాన్‌ను ఒక భాష మనిషి స్కాన్ పక్కన పెట్టి అంకెలు పోల్చేస్తే సరిపోదు.

స్కానర్ దాకా వెళ్లేముందే ఒక వడపోత ఉంటుంది, అదే జ్ఞాపకశక్తి పరీక్ష. అందులో పాసైనవాళ్లే 'ఆరోగ్యంగా వయసు మళ్లినవారు'. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తయారుచేసిన పరీక్షల పెట్టె హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళంలో వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, రాయడం ఒడియాలోనో మరాఠీలోనో మాత్రమే వచ్చిన మనిషికి ఏ భాషలో పరీక్ష పెట్టాలి? అక్షరాల మీది ప్రశ్నలు ఒక భాషలో, మాటల మీదివి ఇంకో భాషలో అడిగితే మార్కులు ఎలా కలపాలి?

ఇలాంటి పరీక్షల్లో మామూలుగా వచ్చే మొదటి ప్రశ్నలు తేలిగ్గానే కనబడతాయి. ఇవాళ ఏ తేదీ, ఏ నెల? తిథులతో బతికే పెద్దావిడ "శ్రావణ బహుళ అష్టమి, కృష్ణాష్టమి గదా" అంటుంది. పక్కింటి ఒడియా ఆవిడను అడిగితే అదే రోజును భాద్రబ మాసం అంటుంది, వాళ్ల లెక్కలో పున్నమితో నెల మారిపోతుంది కాబట్టి. ఇద్దరూ ఒప్పే, కాగితం మీద మాత్రం ఆగస్టు అన్న గడి ఉంది. మనం ఏ జిల్లాలో, ఏ రాష్ట్రంలో ఉన్నాం? 1945లో సిరోంచలో పుట్టిన మనిషి మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, తర్వాత మధ్యప్రదేశ్‌లో, 1956 నుంచి బొంబాయి రాష్ట్రంలో, 1960 నుంచి మహారాష్ట్రలో ఉన్నాడు. జిల్లా మొదట చాందా, తర్వాత దాని పేరే చంద్రపూర్ అయింది, 1982 నుంచి గడ్చిరోలి. గుమ్మం దాటకుండానే ఇన్ని చిరునామాలు మారినవాడు కాసేపు ఆగి "చాందా జిల్లా" అంటే, ఫారం నింపే కుర్రాడు సున్నా వేస్తాడు. ఆ ఒకటి రెండు మార్కులతో అతను ఆరోగ్యవంతుల జాబితాలోంచి జారిపోతాడు, అతని మెదడు బొమ్మ ఆ సగటులో ఎప్పటికీ కలవదు.